నాయన తుపాకి, నా తూటాలు: పొదలకూరు తోటలో నా అనుభవం

తుపాకి లైసెన్సు ఎలా వచ్చిందని అడిగేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. అందులో ఏ తూటా వేస్తావని అడిగేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలోనూ ఎక్కువ భాగం అడవి పందుల కోసం అడిగేవాళ్లే. లైసెన్సంటే కాగితాల పని, ఓపిగ్గా తిరిగితే అవుతుంది. తూటా సంగతి అలా కాదు. ఎక్కడా రాసి పెట్టి ఉండదు, అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు.

మాది పొదలకూరు మండలం. ఊరికి దూరంగా నిమ్మతోటలోనే ఇల్లు. నిమ్మకాయల కోతలప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది, ఆ సంగతి అందరికీ తెలుసు. దానికి తోడు మోటార్ల దగ్గర కేబుల్ కోసుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ లాక్కుపోవడం మా దగ్గర కొత్తేమీ కాదు. నాయన అప్పట్లోనే 12 బోరు (బోరంటే గొట్టం సైజు) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి తీసుకున్నాడు. ఆయనకు డెబ్బై దాటాక, చూపు తగ్గాక, దాన్ని నా పేరు మీదికి మార్చుకోవాల్సి వచ్చింది. 2016 ఆయుధ నియమాల్లో దీనికి దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం భద్రంగా దాస్తానని హామీ పత్రం, శిక్షణ సర్టిఫికెట్. ఇవన్నీ అయ్యాక లైసెన్సు పుస్తకం చేతికొచ్చింది. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది కాబట్టి కొంత నయం. ఆ తిరుగుడంతా చెబితే వేరే కథ అవుతుంది, ఇక్కడ వదిలేస్తున్నా.

తుపాకితోపాటు నాయన దాచిన తూటాల డబ్బా కూడా నాకొచ్చింది. అట్ట కేసు తూటాలు. కొన్నింటికి అట్ట ఉబ్బిపోయింది, ఇత్తడి అడుగున పచ్చగా చిలుము పట్టింది. ‘ఏం కాదులేరా, పేలతాయి’ అన్నాడు నాయన. పేలితే సరే. పేలకపోతేనే అసలు గొడవ. ట్రిగ్గర్ నొక్కాక శబ్దం రాకపోతే వెంటనే తెరిచి చూడకూడదు. మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి గొట్టం ఎవరూ లేని వైపు పెట్టి కనీసం అర నిమిషం ఆగాలి. అర్ధరాత్రి గుమ్మంలో దొంగను ఎదురుగా పెట్టుకుని అర నిమిషం ఆగుతామా? పాతవన్నీ డీలరుకు అప్పగించి, పుస్తకంలో ఆ మేరకు రాయించుకున్నా. ఇలాంటివాటిని బావిలో పడేయడం, పొలం గట్టున పాతిపెట్టడం మా పల్లెల్లో వింటూనే ఉంటాం. లెక్కలో ఉన్న తూటా ఎటు పోయిందో రేపు చెప్పాల్సింది లైసెన్సుదారే.

కొత్తవి కొనబోయే ముందు తుపాకి గది పొడవు చూసుకోవాలి. ఈ ముక్క నాకు శిక్షణలో చెప్పారు, డీలరు మళ్లీ చెప్పాడు. 12 బోరు అన్నాక అన్నీ ఒకటే అనుకుంటాం. పాత తుపాకుల్లో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లది ఉంటుంది, తర్వాత వచ్చినవాటిలో 70. డబ్బా మీద వేసే పొడవు తూటా పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా 65 గదిలో హాయిగా కూర్చుంటుంది, గొట్టం కూడా మూసుకుంటుంది. పేల్చినప్పుడు ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతుంది. పట్టింది కదా అని వేస్తే ప్రమాదం ఇంట్లోనే ఉన్నట్టు. గొట్టాలు విప్పి కింద బల్లపరుపు భాగం మీద చూస్తే అంకె చెక్కి ఉంటుంది, మిల్లీమీటర్లలోనో, రెండున్నర, రెండుముప్పావు అంగుళాలనో. రెండున్నర అంగుళాలంటే 65, రెండుముప్పావు అంటే 70. మా దాంట్లో 65 అని ఉంది. అంతటితో డీలరు అలమరలో సగం డబ్బాలు నాకు పనికిరానివయ్యాయి. మన దగ్గర సామాన్యుడికి దొరికేవి ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల శక్తిమాన్ తూటాలే. ఆ రోజు ఏ నంబరు ఉంటే వాటిలోంచి ఏరుకోవాలి. నంబరంటే తూటా లోపలుండే సీసపు గుళ్ల సైజు; అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది, పెద్ద సైజులకు అంకె బదులు ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ అని అక్షరాలుంటాయి. అమెరికా వీడియోల్లో చూపించే పాతిక రకాలు మన అలమరలోకి రావు.

ఆ వీడియోల వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. మన నంబర్లు ఇంగ్లీషువాళ్ల లెక్క, వాళ్లవి వేరే లెక్క. వాళ్లు ‘డబుల్ ఆట్’ అని ఊదరగొట్టే పెద్ద గుళ్లు మన దగ్గర దాదాపు ఎస్‌జీకి సమానం, గుండు 8.4 మిల్లీమీటర్లు ఉంటుంది. మన ఎల్‌జీ ఇంకా పెద్దది. చిన్నవాటిలోనూ వాళ్ల నాలుగో నంబరు, మన నాలుగో నంబరు ఒకటి కాదు. అందుకే వీడియోలు పక్కనపెట్టి ఒక ఔన్సు సీసానికి ఎన్ని గుళ్లు వస్తాయో కాగితం మీద రాసుకున్నా. ఎస్‌జీ అయితే సుమారు ఎనిమిది, బీబీ డెబ్బై, ఒకటో నంబరు వంద, నాలుగో నంబరు 170, ఆరో నంబరు 270. అంటే ఎస్‌జీ గుండు ఒక్కోటి మూడున్నర గ్రాములు తూగుతుంది, ఆరో నంబరు గుండు గ్రాములో పదో వంతు. రెండూ గొట్టం వదిలేటప్పుడు సెకనుకు దాదాపు 350 నుంచి 400 మీటర్ల వేగంతోనే వెళతాయి. తేడా అంతా గోడకో తలుపుకో తగిలాక తెలుస్తుంది.

సలహాలకేం కరువు లేదు. మా పెదనాన్న కొడుకు ఒకప్పుడు తుపాకి పట్టినవాడే. ‘ఎడమ గొట్టంలో ఎస్‌జీ, కుడి గొట్టంలో ఆరో నంబరు పెట్టు తమ్ముడా. మొదటిది బెదిరింపు, రెండోది పని’ అన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. మా తుపాకికి ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది. చీకట్లో, గుండె దడదడలాడుతుండగా, వేలు ఏ ట్రిగ్గర్ మీద పడిందో తెలుసుకుని కాల్చేంత నిదానం మనిషికి ఉంటుందని నేను నమ్మను. పైగా ‘బెదిరింపుగా కాల్చడం’ అనే మాటే నాకు నచ్చదు. తుపాకి కాల్చాక ఆ గుండు ఎక్కడో ఒకచోట పడాల్సిందే, బెదిరింపు కోసం కాల్చినా సరే. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్లకు 2019 సవరణలో రెండేళ్ల వరకు జైలో, లక్ష వరకు జరిమానానో, రెండూనో పెట్టింది అందుకే.

నాకు శిక్షణ ఇచ్చిన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఆయన పద్ధతే వేరు. నంబర్ల గురించి అడిగితే జవాబు చెప్పకుండా పాత దినపత్రికలు తెమ్మన్నాడు. కాల్పులు సాధన చేసే రేంజిలో ఒక పేజీని అయిదు మీటర్లలో, ఇంకోదాన్ని ఇరవై మీటర్లలో కట్టించి నా చేత కాల్పించాడు. అయిదు మీటర్ల దగ్గర రంధ్రం నా గుప్పిట కంటే పెద్దగా లేదు. ఇరవై మీటర్ల పేజీ మీద గుళ్లు అంచులు దాటి చెదిరిపోయాయి. ‘మీ హాలు పొడవెంత సార్?’ అన్నాడు. ఆరు మీటర్లుంటుందన్నా. ‘మరి ఇంట్లో కాలిస్తే గుళ్లు చెదిరి ఎలాగోలా తగులుతాయని ఎవరు చెప్పారు మీకు?’ అన్నాడు. అక్కడితో నా బుర్రలో ఉన్న సగం సినిమా ఆగిపోయింది. ఇంటి లోపలి దూరాల్లో ఏ నంబరైనా దాదాపు ఒకే ముద్దగా వెళుతుంది. గురి చూడక తప్పదు. తగలకపోతే ఆ ముద్ద మొత్తం వెనకున్న గోడలోకో, వెనకున్న మనిషిలోకో పోతుంది.

అక్కణ్నుంచి నా వెతుకులాట దారి మారింది. డబ్బాల మీది నంబర్లు చూడటం మానేసి మా ఇంటి గోడలు చూడటం మొదలుపెట్టా. చేతిలో తుపాకి లేదు, టార్చిలైటు ఒకటే. హాల్లో నిలబడి తలుపు వైపు లైటు వేస్తే ఆ వెలుగు ఎక్కడ ఆగుతుందో, దాని వెనక ఎవరు పడుకుంటారో చూసుకుంటూ వెళ్లా.

ముందు గుమ్మం టేకు తలుపు. దాని వెనక వరండా, వాకిలి, తిన్నగా అరవై మీటర్ల అవతల కూలీల పాకలు. కోతల కాలంలో వాటిలో పసిపిల్లలతో సహా సంసారాలుంటాయి. ఎడమ వైపు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు పూత. ఎస్‌జీ అయినా అక్కడ ఆగిపోతుంది. కుడి వైపు మాత్రం మేం తర్వాత వేసుకున్న గది. దానికీ హాలుకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ పార్టిషన్, పైన సిమెంటు రేకు. ఆ గదిలో మా అబ్బాయి పడుకుంటాడు. ప్లైవుడ్డును బీబీ గుళ్లు కూడా దాటేస్తాయి, దగ్గర్నుంచి కాలిస్తే ఆరో నంబరు కూడా దాటుతుంది. ఇంకొకటి, ఎండాకాలం వచ్చిందంటే మా వాళ్లు ఇంట్లో పడుకోరు. మే నెలలో మేడ మీదో, వాకిట్లో నులక మంచాల మీదో ఉంటారు. చలికాలంలో వేసుకున్న లెక్క ఎండాకాలంలో చెల్లదు. అమెరికా ఇళ్లలో జిప్సం బోర్డు గోడలను పెద్ద గుళ్లు వరసగా రెండు మూడు దాటిపోతాయని వాళ్లు భయపడతారు. మనకు ఇటుక గోడలున్నాయని ధీమాగా ఉంటాం. మన ఇళ్లలో కిటికీలు, రేకులు, తలుపులు ఎన్నున్నాయో లెక్కపెట్టం.

బయటి దూరాల సంగతి కూడా చూసుకున్నా. ఫ్రెంచి సైనికాధికారి జూర్నే పేరుతో ఒక పాత సూత్రం ఉంది. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని 2200తో గుణిస్తే అది గరిష్ఠంగా ఎన్ని గజాలు పోగలదో వస్తుంది. ఎస్‌జీకి లెక్కవేస్తే 720 గజాల పైచిలుకు వచ్చింది, అంటే 650 మీటర్లు దాటింది. బీబీకి దాదాపు 325 మీటర్లు. ఆరో నంబరుకు 200 మీటర్ల పైన. చివరికొచ్చేసరికి చిన్న గుండుకు బలం ఉండదు, వాన చినుకులా రాలుతుంది. ఎస్‌జీ గుండు అలా కాదు, చాలా దూరం బలం నిలుపుకుంటుంది. మా పాకలు అరవై మీటర్లలో, తారు రోడ్డు నూటయాభైలో ఉన్నాయి. ఏ నంబరు వేసినా పాకల దాకా చేరుతుంది. చిన్న నంబరు వేసుకుని నిశ్చింతగా ఉందామనుకున్న ఆశ కూడా దాంతో పోయింది.

అందువల్ల నేను ముందు ఎంచుకున్నది నిలబడే చోటు. పడకగది గుమ్మం పక్కన, మెట్ల గోడకు ఆనుకుని నిలబడితే, హాల్లోకి వచ్చినవాడి వెనక ఆ తొమ్మిదంగుళాల ఇటుక గోడే ఉంటుంది. వీధి గుమ్మం వైపుకీ, ప్లైవుడ్ వైపుకీ గొట్టం తిప్పకూడదు. అబ్బాయి మంచం కూడా పార్టిషన్ పక్క నుంచి తీసి అవతలి గోడకు వేయించాం. ఆ గోడ కుదిరాకే నంబరు సంగతి.

మా ఆవిడ మధ్యలో ఒక ప్రశ్న వేసింది. ‘అసలు కాల్చడానికి మీకు హక్కుందా?’ అని. ఆ సంగతి కూడా చదువుకోవాల్సి వచ్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ సెక్షన్లు 34 నుంచి 44 వరకు ఉన్నాయి. దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం లాంటివాటికి ఆస్తిరక్షణ హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చని 41వ సెక్షన్ చెబుతుంది. అయితే దాన్ని 37వ సెక్షన్‌తో కలిపి చదవాలి. రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం కోరే సమయం ఉంటే ఈ హక్కే లేదు. చొరబాటు సాగుతున్నంతసేపే హక్కు కూడా సాగుతుంది. తోటలో కేబుల్ చుట్టుకుని పరిగెత్తేవాడి వీపు మీద కాలిస్తే దాన్ని ఇంట్లో జొరబడినవాణ్ని అడ్డుకోవడం అనరు. మోటారు వైరు కోసం మనిషిని కాల్చేదేమిటి? దీంతో నాకు దూరం పోయే తూటా అవసరమే లేదని తేలిపోయింది. హాలు దాటి నేను కాల్చేది ఉండదు.

అప్పుడు మళ్లీ డీలరు దగ్గరకు వెళ్లా. 65 మిల్లీమీటర్లలో ఆరు, నాలుగు, బీబీ, ఎస్‌జీ ఉన్నాయన్నాడు. ఎస్‌జీ వద్దన్నా. ఆయన ఆశ్చర్యపోయాడు, ఇంటి కాపలాకు అందరూ అదే అడుగుతారట. ఆరో నంబరు పక్షులకు చేసినది. దగ్గర్నుంచి భయంకరంగానే గాయపరుస్తుంది కానీ లోతుకు పోదు. అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లు మనిషి కండకు బదులుగా పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మలో కనీసం 12 అంగుళాలు దిగాలని కొలబద్ద పెట్టుకున్నారు, చిన్న గుళ్లు దాని దరిదాపులకు రావు. ఆగని మనిషిని ఆపలేని తూటాతో రెండోసారి, మూడోసారి కాల్చాల్సి వస్తే అది ఇంకా చెడ్డ. నాలుగో నంబరుకూ బీబీకీ మధ్య కాసేపు ఊగి, బీబీ తీసుకున్నా. వెనక ఇటుక గోడ ఖాయంగా ఉంది, దూరం ఆరు మీటర్లలోపే. ఆ గోడే లేకపోతే నాలుగు దగ్గరే ఆగేవాణ్ని. రెండు గొట్టాల్లోనూ అదే నంబరు. వేలు ఏ ట్రిగ్గర్ మీద పడినా తేడా ఉండదు.

నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లో ఉండే మా చెల్లెలు ఈ మాటలన్నీ విని వాళ్లాయనకు కూడా లైసెన్సు తీయిద్దామా అని అడిగింది. వాళ్ల ఫ్లాటులో గదుల మధ్య గోడలు నాలుగంగుళాలవి, హాలు కిటికీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు బాల్కనీ. ఆ ఇంట్లో ఏ నంబరూ కుదరదన్నా. తలుపుకి మంచి గడియ, ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు, ఆపదొస్తే 112. బావకు కాస్త కోపం వచ్చినట్టుంది.

పందుల గురించి అడిగేవాళ్లకు కూడా ఇక్కడే చెప్పేస్తా. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి లేకుండా అడవి పందిని కాల్చకూడదు, లైసెన్సు తుపాకి ఉన్నా సరే. నా తూటాలు ఎవరికీ అప్పు ఇవ్వను. కొన్నవీ కాల్చినవీ అన్నీ పుస్తకం లెక్కకు సరిపోవాలి.

దాచే సంగతి. తుపాకి గోడకు బిగించిన ఇనప బీరువాలో, తూటాలు వేరే తాళంలో. ఈ రెండింటి మధ్య నాకు పట్టే సమయం ఎక్కువేనని మా పెదనాన్న కొడుకు ఎగతాళి చేస్తాడు. గేటు దగ్గర రెండు కుక్కలున్నాయి, వాకిట్లో ఫ్లడ్‌లైటు ఉంది. అవి నాకు ఆ సమయం ఇస్తాయి. నిజం చెప్పాలంటే మా తోటలోకి ఇప్పటిదాకా వచ్చినవాళ్లను పంపించింది ఆ కుక్కలే. వానాకాలం తేమకు డబ్బాలో సిలికా జెల్ సంచులు వేస్తా. తూటాలకు నూనె రాయను, మందును అంటించే, అడుగునున్న క్యాప్ లోకి నూనె దిగితే అది పేలకపోవచ్చు. మూసిన గదిలో 12 బోరు మోత 150 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్కదెబ్బకే చెవులకు శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. అందుకని చెవి మఫ్లు కూడా బీరువాలోనే పెట్టా. ఆ హడావిడిలో పెట్టుకుంటానో లేదో గానీ, ఉండటం మంచిది.

ఎన్నికలొస్తే తుపాకి మన దగ్గర ఉండకపోవచ్చని కొత్తగా తీసుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి. 2024లో కోడ్ వచ్చాక స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాం. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు, ఆ తర్వాతే వెనక్కి. సరిగ్గా మావాళ్లు మేడ మీద పడుకునే రోజులవి. స్టేషన్ నుంచి తెచ్చుకున్నాక గొట్టాల్లోకి వెలుగు పట్టి చూసి, తుప్పు లేదని రూఢి చేసుకుని, నూనె గుడ్డతో తుడిచి లోపల పెట్టా. కొన్న తూటాల డబ్బా మీద నెల, సంవత్సరం మార్కర్‌తో రాసి ఉంచా. పాతబడినవాటిని రేంజిలో సాధనకు కాల్చేసి వాటి స్థానంలో కొత్తవి తెచ్చుకుంటున్నా. డీలరు దగ్గర 65లో బీబీ ఎప్పుడూ దొరకదు కాబట్టి వెళ్లే ముందు ఫోన్ చేసి అడుగుతా. లేకపోతే వచ్చేదాకా ఆగుతా గానీ ఎస్‌జీ మాత్రం తెచ్చుకోను.